గింజ తడిసిన రోజు, మొక్క నాటిన రోజు

మా పరిశోధన కేంద్రానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో దాని గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, గోనెపట్టాకు కాళ్ళు తుడుచుకుని, చల్లగాలి బయటికి పోకుండా తలుపు చప్పున మూసి లోపలికి వెళ్ళాలి. గుంటూరు ఎండల సంగతి వేరే చెప్పాలా! మొత్తం కేంద్రంలో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. మా పెద్దసారు గదిలో కూడా ఫ్యానే తిరిగేది. అలాంటి గదిలో కూర్చునే యోగం మాలో ఒక్కరికి పట్టింది. ఆ ఒక్కరూ నేను కాదు.

ఆ అమ్మాయిది చీరాల. నేనూ తనూ ఒకే నెలలో, ఒకే ఉద్యోగంలో, మిరప విభాగంలో పరిశోధన సహాయకులుగా చేరాం. నాకంటే రెండేళ్ళు చిన్నది, అందుకని అక్కా అని పిలిచేది. నేత కుటుంబం వాళ్ళది. వాళ్ళ నాన్న స్వయంగా నేసిన చీరలు కట్టుకొచ్చేది. మిగతా ఆడవాళ్ళందరూ కొంగు పట్టుకుని చూసి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అనేవాళ్ళు. నేను చూసేదాన్ని కాదు. చూడకుండానే అంచు రంగు ఏమిటో చెప్పగలిగేదాన్ని.

అసూయ అనే పెద్దమాట దేనికి, మా వైపు దాన్ని ఏడుపు అంటారు. నాది ఏడుపే. పండుకాయలు ఎండబెట్టి, చితక్కొట్టి గింజ తీసే రోజుల్లో నా చేతులు భగ్గున మండేవి. కొబ్బరినూనె రాసుకున్నా, చల్లటి మజ్జిగలో ముంచినా ఆ మంట రాత్రికి గానీ తగ్గదు. తుమ్ములు సరేసరి. కళ్ళు నులుముకోవడానికి కూడా వీల్లేదు. ఆ చేతులతో కారిడార్లో నడుస్తూ, గాజు తలుపు అవతల ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద టకటకలాడటం చూస్తే నా చేతుల మంట కడుపులోకి దిగేది.

ఆ యోగం తనకి ఊరికే పట్టలేదులెండి, అది కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన ఏడాదే అరండల్‌పేటలో సాయంత్రాలు కంప్యూటరు కోర్సు నేర్చుకుంది. నేనూ చేరదామనుకున్నాను. అప్పటికి నాకు ఇంట్లో చంటిపిల్ల, అత్తగారి మోకాళ్ళనొప్పులు, అయిదింటికల్లా ఇల్లు చేరాల్సిన బతుకు. "పెళ్ళికాని పిల్లకి ఏం పనుంటుంది, ఎన్ని కోర్సులైనా నేర్చుకుంటుంది" అని మా ఆయనతో అన్నాను. ఆయన పేపరు తిరగేస్తూ, "ఆ పిల్ల రోజూ చీరాల నుంచి రైల్లో వచ్చి పోతోంది కదే" అన్నాడు. ఆ రోజు ఆయన కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను.

అయితే తనకి లేనిదీ నాకు ఉన్నదీ ఒకటుంది. అది నా మిరప రకం. మా అమ్మమ్మగారి ఊరు అద్దంకి అవతల. కాలవ లేదు, బోరు వేస్తే దుమ్ము వస్తుంది. అక్కడ మిరప నారు పోసి నాటరు. దుక్కి దున్ని, గొర్రుతో గింజను నేరుగా చేలో సాళ్ళలో వేసేస్తారు. వాన పడితే మొలుస్తుంది. ఆ ఊరి చేలల్లో ఒక మొక్క నా కంట పడింది. పొట్టిది, గుబురుగా ఉంటుంది, ఎక్కువ కాయ కాయదు. కానీ కాసే నాలుగూ తొందరగా కాసి, నేల ఆరిపోయేలోపు ఎర్రబడి చేతికొస్తాయి. నీళ్ళు లేని రైతుకి అంతకంటే ఏం కావాలి? ఆ గింజ తెచ్చి నాలుగేళ్ళు మా కేంద్రం వెనక మడుల్లో ఏరి, మళ్ళీ వేసి, మళ్ళీ ఏరి, ఒక దారికి తెచ్చాను. దానికున్న గొప్ప ఒక్కటే, తొందర. ఆ తొందర తీసేస్తే అది మామూలు గొడ్డుమొక్క.

చీరాలమ్మాయికీ ఒక రకం ఉంది. పెద్దసారే అప్పగించారు. కాలవ కింద నారు పోసి, నలభై రోజులు పెంచి, పీకి నాటే రకం. పొడుగాటి కాయ, మంచి రంగు. ఏడాది చివర మా కేంద్రం నుంచి ఒకే ఒక్క రకాన్ని రాష్ట్రమంతటా జరిగే పరీక్షకు పంపాలి. పెద్దసారు నాతో ముందే అనేశారు: "ఈసారి గనక నీది పోకపోతే ఆ వెనక మడులు కాలవ రకాలకి ఇచ్చేస్తానమ్మా. ఇంక ఎన్నాళ్ళని?" అంటే ఈసారి తప్పితే నా రకానికి నూకలు చెల్లినట్టే.

సరిగ్గా ఆ ఏడే హైదరాబాదు నుంచి ఒక కొత్త ఫార్మాటు వచ్చింది. ఏ కేంద్రంలో ఏ పంట మీద ఏ పరీక్ష జరిగినా దాని వివరాలను అందరూ ఒకే రకం గడుల్లో నింపాలి. అప్పుడు ఎక్కడివాళ్ళైనా వెతుక్కోవచ్చు, ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. దానికి మెటాడేటా అని పేరట. "సమాచారం గురించిన సమాచారం" అని పెద్దసారు వివరించారు. పప్పు గురించిన పప్పు అన్నట్టు వినిపించింది మాకు. మా పాత పొలం పుస్తకాల్లో ఉన్న గడులు ఎడమవైపు, హైదరాబాదు గడులు కుడివైపు రాసి, ఇది అందులోకి, అది ఇందులోకి అని గీతలు కలపాలి. ఆ గీతలు కలిపే పని ఎవరికిచ్చారో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఆ పనిలో చిక్కులు లేకపోలేదు. 'సోర్స్' అని ఒక గడి. అంటే గింజ దొరికిన ఊరా, ఇచ్చిన రైతా, తెచ్చిన మనిషా? 'సైట్' అని ఇంకొకటి. అంటే ఊరా, పొలమా, పొలంలో మడా? పత్తి విభాగంలో ఒకాయన సైట్ గడిలో ప్రతిచోటా 'నల్లరేగడి' అని నింపి పంపాడు. చీరాలమ్మాయి ఇలాంటివన్నీ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగేది. అందరూ దాని ఓపిక చూసి మెచ్చుకునేవాళ్ళు. చల్లగా కూర్చుంటే ఓపిక ఎవరికి ఉండదు అనుకునేదాన్ని నేను.

రకాన్ని ఎంపిక చేసే సమావేశం వచ్చింది. చిల్లులంచు కాగితం మీద, కరకరమనే ప్రింటరులో తీసిన పట్టిక అందరికీ పంచారు. ఎన్ని రోజులకు మొదటి కోత వచ్చింది అన్న వరుసలో చీరాలమ్మాయి రకం అన్నిటికంటే పైనుంది. నాది అడుగున, అందరికంటే ఆలస్యం. నా రకం, ఆలస్యం! మడిలో నా కాయలు ఎర్రబడి నేను కోసుకునే వేళకి ఆవిడగారివి ఇంకా పచ్చిగా వేలాడుతుండటం అందరూ కళ్ళారా చూసిందే.

నా రకం కిందపడిందని మొదట బాధే. ఆ బాధ ఎంతసేపో ఉండలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదీ నా పరిస్థితి. పైన ఇంకెవరిది ఉన్నా ఓర్చుకునేదాన్నేమో.

లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా పాత పుస్తకాల్లో మిరపకు రెండు తేదీలు రాసేవాళ్ళం. గింజ వేసిన తేదీ ఒకటి, నాటిన తేదీ ఒకటి. హైదరాబాదు వాళ్ళ ఫార్మాటులో ఉన్నది ఒకే గడి, 'ప్లాంటింగ్ డేట్'. కాలవ కింద రైతులు మిరప వయసును నాటిన రోజు నుంచే చెబుతారు. తోట వేసి మూడు నెలలైంది అంటే నాటి మూడు నెలలని. నారుమడిలో గడిచిన రోజులు ఎవరికీ లెక్కలో లేవు, చాలామంది నారు కొనుక్కునే వేస్తారు కూడా. కాబట్టి నారు రకాలకు ఆ గడిలో నాటిన తేదీ పడింది. నాదాంట్లో నాటడమే లేదు కాబట్టి గొర్రుతో గింజ వేసిన తేదీ పడింది. ఇక మిషను తీసివేతలు చేసింది. దానికేం తెలుసు?

లేచి నిలబడ్డాను. "ఇదేం లెక్క సార్? వాళ్ళు నలభై రోజుల పిల్లని తెచ్చి అప్పుడే పుట్టిందంటున్నారు. పెళ్ళయిన రోజు నుంచి వయసు లెక్కేస్తానంటే నేనూ చంటిపిల్లనే!"

అందరూ గొల్లున నవ్వారు. పత్తాయన బల్ల చరిచి మరీ నవ్వాడు. నవ్వనిది ఒక్క చీరాలమ్మాయే. కాగితం మీదికి వంగి నా వరుస దగ్గర పెన్సిలు పెట్టి చూస్తోంది. ఏమీ తెలియనట్టు ఆ మొహం చూడండి అనుకున్నాను.

పెద్దసారు చేతులెత్తేశారు. "నువ్వన్నది నిజమేనమ్మా. కానీ పంట పొలంలో వేసిన తేదీ రాయమన్నారు వాళ్ళు. నారు రకం పొలంలోకొచ్చేది నాటిన రోజే కదా. నీ గింజ పొలంలోకొచ్చేది విత్తిన రోజే. రెండూ రైటే. ఫార్మాటు మనది కాదు, నన్నేం చేయమంటావు?"

"రెండూ రైటైతే నా ఒక్కదానికే నష్టం ఎందుకొస్తుంది సార్?" అన్నాను. గొంతు కొంచెం పైకే లేచింది. నెలాఖరుకి గానీ పేరు పంపనవసరం లేదనీ, అప్పటిదాకా చూద్దామనీ ఆయన సమావేశం ముగించారు.

ఇది కావాలని చేసిన పనే అని ఆ సాయంత్రానికల్లా నాకు రూఢి అయిపోయింది. గీతలు కలిపింది ఎవరు? తనే. లాభపడింది ఎవరు? తనే. ఇంకేం రుజువు కావాలి? ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "అడక్కపోయావా ఆ పిల్లని?" అన్నాడు. అడిగితే ఏడుస్తుంది, ఏడిస్తే అందరూ దాన్నే ఓదారుస్తారు. ఆ అవకాశం తనకివ్వడం నాకిష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే నా మడి దగ్గరికి వచ్చింది. నల్లరేగడిలో చెప్పులు దిగబడుతుంటే చేతిలో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, గట్టు మీద నిలబడింది. మంచి వంగపూవు రంగు చీర, ఆవపూవు అంచు. 

"అక్కా, మీరు గొర్రుతో గింజ వేసేనాటికి నేల తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"పొడి దుక్కిలోనే. మా ఊళ్ళో అలాగే వేస్తారు."

"మరి వాన ఎన్నాళ్ళకి పడింది?"

"పడ్డప్పుడు పడింది. ఎందుకు నీకు?"

"ఊరికేనక్కా. వర్షం లెక్కలు ఆఫీసులో ఉంటాయిగా, చూసుకుంటాలెండి" అని వెళ్ళిపోయింది.

ఊరికే అట! నా రకం మీద ఇంకో బండ వేయడానికి రాళ్ళు ఏరుకుంటోందనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆ అడగడంలో ఉన్న శ్రద్ధ నన్ను పొడిచింది. నా మడి, నా గింజ, నా వాన. వాటి గురించి తనెందుకు అంత ఇదిగా అడగాలి? తర్వాత వారమంతా తను ఎస్టీడీ ఫోను దగ్గరే కనిపించేది. ఒకసారి వరండాలో పోతుంటే వినబడింది: "కాదండీ, మీ కేంద్రంలో అయితే ఆ గడిలో ఏం రాస్తున్నారు? విత్తిందా, నాటిందా?" అవతలివాళ్ళు ఏం చెప్పారో, పకపకా నవ్వింది. ఇంకోచోట కూడా నా రకం పరువు తీస్తోందని నాలో నేను ఉడికిపోయాను. మధ్యాహ్నం డబ్బా విప్పితే అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం దోసకాయ పచ్చడి వేసుకుని హాయిగా తింది, నాకూ ఓ ముద్ద పెట్టబోయింది. పుండు మీద కారం అంటే ఏమిటో, కారంలోనే బతికే నాకు ఆ రోజు తెలిసింది.

నెలాఖరు సమావేశానికి కొత్త పట్టిక వచ్చింది. పంచింది చీరాలమ్మాయే. నా పేరున్న వరుస కోసం అడుగు నుంచి వెతకడం మొదలుపెట్టాను. అడుగున లేదు. మధ్యలో లేదు. అన్నిటికంటే పైన ఉంది. దాని కింద, వారం పైచిలుకు తేడాతో చీరాలమ్మాయి రకం.

పెద్దసారు చెప్పమంటే తను లేచింది. గొంతు చిన్నదే, కానీ ఎక్కడా తడబడలేదు. "మనం ఒకే గడిలో రెండు వేరువేరు సంగతులు పోస్తున్నాం సార్. వేరే కేంద్రాలవాళ్ళని కూడా అడిగాను. ఒకళ్ళు విత్తిన తేదీ రాస్తున్నారు, ఒకళ్ళు నాటిన తేదీ. ఎవరి గడి వాళ్ళకి రైటే, పక్కపక్కన పెడితేనే తప్పు. అందుకని గింజకి తడి తగిలిన రోజు నుంచి లెక్కేసి చూశాను. నారుమడికి గింజ వేసిన రోజే నీళ్ళు పెడతాం. అక్కది పొడి దుక్కి. గింజ వేసి చాలా రోజులైనా వాన లేదు, అది మట్టిలో ఊరికే పడుంది. ఆ రోజులు మొక్క వయసులో కలపకూడదు కదా సార్."

నాలుగేళ్ళు ఆ మడిలో తిరిగిన దాన్ని నేను. గొర్రు వెనక నడిచింది నేను. వాన కోసం మొహం ఎత్తి చూసింది నేను. గింజ వేసిన రోజుకీ గింజ తడిసిన రోజుకీ తేడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఏసీ గదిలోంచి దానికి తట్టింది.

"శభాష్!" అన్నారు పెద్దసారు. అందరూ చప్పట్లు కొట్టారు. పట్టికలో పైనున్న పేరు నాది, చప్పట్లు కొట్టేవాళ్ళ మొహాలు మాత్రం తనవైపు. పత్తాయన వెనక్కి తిరిగి, "అమ్మాయ్, మా నల్లరేగడి సంగతి కూడా కాస్త చూడు" అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే బాగుండదు కదా.

నా రకం బతికింది, వెనక మడులు నాకే ఉన్నాయి. ఇంటికెళ్ళి సేమ్యా పాయసం చేశాను. మా ఆయన లొట్టలు వేస్తూ తాగి, "మరింకేం, గెలిచావుగా. ఆ మొహం ఏమిటి?" అన్నాడు. ఏమని చెప్పను? ఓడిపోయి ఉంటే దాన్ని నిండా తిట్టుకునేదాన్ని. నన్ను గెలిపించిందే అదైతే ఎవర్ని తిట్టుకోను? మింగలేక, కక్కలేక, పాయసం గిన్నె కడిగి బోర్లించాను.

ఆ ఫార్మాటులో మిరపకు రెండు గడులు ఎందుకుండాలో హైదరాబాదు వాళ్ళకు వివరించడానికి తననే రమ్మన్నారు. పెద్దసారు నన్ను పిలిచి, "ఎలాగూ ఆ అమ్మాయి పోతోంది కదా, పరీక్షకి పంపే నీ గింజ కూడా దాని చేతికే ఇచ్చెయ్యమ్మా. పోస్టులో అయితే తడుస్తుందేమో" అన్నారు. నేను తెల్లటి గుడ్డసంచీ కుట్టి, నాలుగేళ్ళ పంటని అందులో పోసి, మూతి బిగించి గుంటూరు బస్టాండుకి తీసుకెళ్ళాను.

బస్సు కిటికీ పక్కన కూర్చుంది. సంచీ అందిస్తే రెండు చేతులా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. గింజ ఘాటుకి ముందు సీటాయన తుమ్మాడు. బస్సుకి ఇంకా టైముంది. ఇక పట్టలేక అడిగేశాను.

"నీ రకం వెనక్కిపోయింది కదా. నీ చేతులారా నువ్వే పోగొట్టుకున్నావు. బాధనిపించలేదూ?"

నేనేదో అర్థంకాని సంగతి అడిగినట్టు చూసింది. "నాదేముందక్కా, సారు ఇచ్చారు, పెంచాను. ఏది ముందుంటే అది పోతుంది."

"మరి అంత కష్టం ఎందుకు పడ్డావు? నాకోసమా?"

అవునంటుందని ఆశపడ్డాను. అంటే కనీసం రుణపడి ఉండేదాన్ని, దానికీ నాకూ మధ్య ఏదో ఒకటి ఉండేది.

"మీకోసమని కాదక్కా" అంది మొహమాటంగా. "మా నాన్న మగ్గం మీద ఒకపక్క బిగువు, ఒకపక్క వదులు వచ్చిందనుకోండి, అక్కడితో ఆపి విప్పేస్తాడు. చూస్తూ ఊరుకోలేడు. నాకూ అదే రోగం. ఆ కాగితం అలా ఉంటే నాకేం తోచలేదు, అంతే. మీరేమన్నా అనుకున్నారా?"

"నేనేమనుకుంటాను" అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. తను సంచీని ఇంకాస్త దగ్గరికి తీసుకుని చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. దానికి నా మీద కోపం లేదు, పోటీ లేదు, జాలి కూడా లేదు. ఇన్నేళ్ళూ ఆ పందెంలో పరిగెత్తింది నేనొక్కదాన్నే. పక్కన ఎవరూ లేరు. బస్సు స్టాండు దాటి చిలకలూరిపేట బస్సుల వెనక కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడి, అంత నిమ్మళమైన మనసు దానికి ఎలా వచ్చిందా అని మళ్ళీ కడుపు మండించుకున్నాను.